తొట్టెల నాటి ఖాకీ బట్టలు

ఆ రోజుల్లో మా వైపు ఊళ్లలో ఖాకీ బట్టలు కనబడితే ఎదురొచ్చి పలకరించేవాళ్ళు తక్కువ, పెరటి దారి చూసుకునేవాళ్ళు ఎక్కువ. ఒక పూట అన్నలు, అంటే నక్సలైట్లు, వచ్చి అన్నం అడిగితే, మరో పూట పోలీసులు వచ్చి ఎవరు పెట్టారని అడిగేవారు. ఇదంతా తెలిసీ నేను చేసిన పని తలచుకుంటే ఈ వయసులోనూ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

అప్పుడు నేను వైమానిక దళంలో కార్పొరల్‌ని. భుజం కింద రెండు పట్టీలు, చేసేది విమానాల చక్రాలు, బ్రేకులు చూసే పని. సిరిసిల్లలో మగ్గం నేసే మా నాయన మాత్రం "మావోడు విమానం నడుపుతున్నడు" అని చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. (నేను దిద్దలేదు. దిద్దాలనిపించనూ లేదు.) సెలవు మీద వచ్చినప్పుడే గంభీరావుపేట దగ్గరి పల్లెలో మా అక్క బిడ్డకు తొట్టెల పెట్టుకున్నారు. మేనమామ చేతుల మీదుగా పసిపిల్లను తొట్టెలో వేయనిదే ఆ పండుగ కాదు. బయలుదేరుతుంటే అమ్మ అడ్డం వచ్చింది. "గా బట్టలతోని పోకు కొడుకా, మీ బావ బెదిరిపోయి ఉన్నడు." నిజమే. అన్నలకు అన్నం పెట్టాడని బావను పోలీసులు తీసుకెళ్ళి కొట్టారనీ, కుడి చెయ్యి పైకి లేవడం లేదనీ అక్క నాకూ ఉత్తరం రాసింది. అయినా యూనిఫాం ఇస్త్రీ చేసుకుని (అప్పట్లో చలికాలం తప్పితే మాదీ ఖాకీయే), బూట్లు మెరిపించి బస్సెక్కాను.

బస్సులో నా పక్క సీటు చివరిదాకా ఖాళీ. మర్యాద అనుకున్నాను. ఊళ్ళోకి అడుగుపెట్టగానే అరుగుల మీదివాళ్ళు లేచారు. గౌరవం అనుకుని ఛాతీ ఇంకాస్త విరిచాను. వాళ్ళు ఆగకుండా మొక్కజొన్న చేన్లోకి ఉరికారు. అక్క ఇంటి పందిరి కింద వడ్డించిన ఆకులున్నాయి, తినేవాళ్ళు లేరు. అక్క అత్తగారు పసిపిల్లను గుండెకు అదుముకుని గడపలో నిలబడి, "అయ్యా, ఇంట్ల మగోళ్ళు లేరు, బాలింత ఉన్నది" అని నాకు దండం పెట్టింది. వెనకనుంచి తొంగిచూసిన అక్క గొల్లుమంది. "నువ్వారా తమ్మీ! మీ బావ ఉరికిండు గదరా!"

బావ లుంగీ కట్టుకుని చేను గట్టెక్కి అరిచాను.

"బావా! నేను సిరిసిల్ల బామ్మర్దిని! పోలీసోన్ని గాదు!"

"పోలీసోళ్ళు గూడ గట్లనే అంటరు!" చేన్లోంచి ఎవరిదో గొంతు. "గా బామ్మర్ది విమానం నడుపుతడట. నువ్వేం జేస్తవ్?"

ఊరంతా వింటోంది. "నడుపను! చక్రాలు కడుగుత, గాలి కొడుత, బ్రేకులు జూస్త!"

చేన్లోంచి బావ నవ్వు వినిపించింది. "గింత ఇజ్జత్ తక్వ మాట పోలీసోడు చెప్పుకోడు. మా బామ్మర్దే, రాండ్రి!"

తొట్టె తాడు దూలానికి కట్టాల్సింది బావ. చెయ్యి లేవక నన్ను కట్టమన్నాడు. నేను కడుతున్నంతసేపూ ఆయన కళ్ళు కొక్కేనికి తగిలించిన నా చొక్కా మీదే ఉన్నాయి. తప్పయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. ముడి ఇంకోసారి బిగించాను.

మొన్న ఆ మేనకోడలు తన బిడ్డకు తొట్టెల చేస్తే తెల్ల పంచె కట్టుకుని వెళ్ళాను. ముసలి బావ అరుగు మీదినుంచే, "ఎవ్వరు ఉరకకుండ్రి, మా చక్రాల బామ్మర్ది అచ్చిండు!" అని కేకేశాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. రమ్మని ఆయన ఊపింది ఎడమ చెయ్యి.