తేదీ లేని కాగితం

జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుంది. జబ్బు చేసి జుట్టంతా రాలిపోయినవాళ్ళు మాత్రం మూడో అంతస్తు మెట్లెక్కి ఆమె దగ్గరికి వస్తారు. పల్చటి వల మీద ఒక్కొక్క వెంట్రుకనే కొక్కెం సూదితో లాగి ముడివేసి విగ్గులు అల్లడం ఆమె పని. పొద్దస్తమానం కూర్చుంటే అరచెయ్యంత మేర నిండుతుంది. అందుకు ఎండ పొడ తగలని, వెలుతురు తగ్గని కిటికీ కావాలి. ఆ ఇంట్లో ఉత్తరం వైపు అలాంటిదొకటి ఉంది. వీధిలోకి వరసగా విగ్గులు తొడిగే చెక్కతలలు కనిపిస్తాయి కాబట్టి చుట్టుపక్కలవాళ్ళకు ఆమె ‘తలలమ్మాయి’.

ఐదేళ్ళ కిందట ఆ ఇంటిని ఆమే, ఆమెతో కలిసి ఉంటున్న అతనూ ఇద్దరి పేరా అద్దెకు రాసుకున్నారు. ఇంటావిడకు ఒక అలవాటుంది. ఇల్లిచ్చే రోజునే, ఖాళీ చేస్తామన్న ఉత్తరం కూడా రాయించి ఇద్దరి సంతకాలూ పెట్టిస్తుంది. తేదీ చోటు మాత్రం వదిలేస్తుంది. వెళ్ళాలనుకున్నప్పుడు ఇద్దరిలో ఎవరైనా తేదీ వేసి తెచ్చిస్తే చాలు, రెండు నెలల్లో ఇల్లు వదలాలి.

“కాలు పెట్టకముందే పొగబెడుతున్నారుగా ఆంటీ,” అని అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వుతూనే సంతకం చేసింది.

అతను వెళ్ళిపోయి నలభై రోజులైంది. గొడవేమీ జరగలేదు. ఇక కుదరదన్నాడు, సంచీ సర్దుకున్నాడు. అతను వెళ్ళిన మర్నాడే అక్క ఫోను చేసింది.

“పీడ విరగడైందనుకోవే. ఇల్లన్నా నీకు మిగిలింది.”

“మిగిలిందక్కా. ఈ కిటికీ లేకపోతే నా చేతులకు పనే లేదు.”

“అవునూ, ఆ సంతకాల కాగితం ఎవరి దగ్గరుంది?”

సూది ఆగిపోయింది. సొరుగంతా వెతికింది. ఒప్పందం ఉంది. ఉత్తరం లేదు.

ఆ రోజు నుంచి మెడ మీద కత్తి వేలాడుతున్నట్టే ఉంది. ఎప్పుడు తేదీ వేస్తాడో తెలియదు. ఎదుటి కాలిబాట మీద ఎవరో ఆవిడ నిలబడి, వేలు చూపిస్తూ ఈ ఇంటి కిటికీలు లెక్కపెట్టి వెళ్ళింది. నీళ్ళ మీటరు చూసే మనిషి “సామాను చాలా ఉందా అమ్మా?” అన్నాడు. కింది వాటా తాతగారైతే ఏకంగా ఖాళీ అట్టపెట్టెలు తెచ్చి గుమ్మంలో పెట్టారు.

“నాకెందుకండీ ఇవి?”

“ఉంచమ్మా, ఉంచు,” అని ఆయన మొహం చూడకుండా మెట్లు దిగిపోయారు.

 ఆమె ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటున్నానని కాగితం రాసి, ఆ మధ్యాహ్నమే ఇంటావిడ దగ్గరికి వెళ్ళింది.

ఇంటావిడ చదివి, కళ్ళజోడు తీసి, బీరువాలోంచి పాత ఉత్తరం తెచ్చి బల్ల మీద పెట్టింది. సంతకాలు వెలిసిపోయాయి. తేదీ సిరా నల్లగా మెరుస్తోంది. ఏడు అంకెకు అడ్డగీత, అతని రాతే.

అది అతను వెళ్ళిన రోజు కాదు. దానికి పదహారు రోజుల ముందుది. ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. ఆసుపత్రిలోని ఒక పాపకు చిన్న విగ్గు ముగించాలని మబ్బుపట్టిన సాయంత్రం తొందరపడుతుంటే, అతను పక్కన దీపం పట్టుకుని నిలబడ్డాడు. “కళ్ళు పాడవుతాయి. మెల్లగా చెయ్యి, తొందరేముంది,” అన్నాడు.

“నాకెందుకు చెప్పలేదు ఆంటీ?”

“నీకు తెలుసన్నాడమ్మా. ఆ మాటెత్తితే ఏడుస్తావు, ఎవరూ కదపొద్దని నా చేతులు పట్టుకుని మరీ చెప్పాడు. కిందవాళ్ళకీ చెప్పాడట. ఎంత ప్రేమో అనుకున్నాం.”

“ఆ తేదీ నేను వెయ్యలేదు.”

“సంతకం నీదే కదా తల్లీ.”

“పోనీ, నా ఒక్కదాని పేర మళ్ళీ రాసివ్వండి.”

“కొత్తవాళ్ళతో రాసుకోవడం అయిపోయింది. ఇంకా నాలుగు రోజులుందిగా, నిదానంగా సర్దుకో.”

మర్నాడు ఉదయం ఆమె సర్దలేదు. సగమైన విగ్గు ముందు కూర్చుంది. అది ఒక పంతులమ్మది. సోమవారం ఆవిడ మళ్ళీ బడికి వెళ్ళాలి, నుదుటి వైపంతా ఇంకా ఖాళీగానే ఉంది.

తలుపులో తాళంచెవి తిరిగింది.

ఆమె కదల్లేదు. ఆ ఇంటికి రెండే తాళంచెవులు. ఒకటి ఎదురుగా మేకుకు వేలాడుతోంది.

తలుపు తెరుచుకుంది. బకెట్టు, నిచ్చెనతో రంగులు వేసే మనిషి.

“అయ్యో, లోపలున్నారా? ఖాళీ అయిపోయిందన్నారే!”

“తాళంచెవి ఎవరిచ్చారు?”

“ఇంటావిడగారు. సారు నిన్న తెచ్చిచ్చారట, మీరు రాత్రికే వెళ్ళిపోతారని చెప్పి. మీరటు వెళ్ళారో లేదో, ఇటు వచ్చారట. దారిలో కలవలేదా?”

ఆమె కిటికీలోంచి కిందికి చూసింది. వీధిలో చాలామంది నడుస్తున్నారు.

“ఏ గోడ నుంచి మొదలెట్టమంటారు?”

“కిటికీ గోడ ఆఖర్న వెయ్యన్నా.”

“ఆఖరంటే ఎప్పుడమ్మా?”

“నాలుగో రోజు.”

అతను నిచ్చెన వాల్చాడు. వెనక గోడ గీకుతున్న చప్పుడు మొదలైంది. ఆమె చెక్కతలను వెలుతురు వైపు తిప్పుకుని తర్వాతి వెంట్రుక తీసింది.