అట్టలు మార్చిన మధ్యాహ్నం

ఎమ్మే పిల్లలకి సాహిత్య సిద్ధాంతాల పేపరు కొత్తగా వచ్చింది. విజయనగరంలో మా కాలేజీకి నమూనాగా రెండు పుస్తకాలు పంపారు. అందులో ఒకటే పెట్టుకోవాలి. అర్థమంతా రచనలోనే ఉంటుంది, రాసినవాడి పేరూ ఊరూ అనవసరం అంటుంది మొదటిది. చదివేవాడు పూర్తి చేస్తేనే రచన అంటుంది రెండోది. మొదటిదే కావాలని మా తెలుగు శాఖకి పెద్దయిన బొబ్బిలి మాస్టారి పట్టు. రెండోదే కావాలని చీపురుపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చే మేడమ్ పట్టు. టీలు చల్లారిపోయేవి గాని పుస్తకం తేలేది కాదు.

వాళ్ల మధ్య కూర్చునే జూనియర్ని నేను. ఇద్దరూ వెనక అట్ట మీది ముక్కలే వల్లిస్తున్నారని నాకు అనుమానం. పుస్తకాల సైజు ఒకటే. ఓ మధ్యాహ్నం స్టాఫ్ రూమ్ ఖాళీగా ఉంటే, పైన తొడిగిన రంగు కాగితపు అట్టలు ఊడదీసి, దీనిది దానికీ దానిది దీనికీ తొడిగేశాను. అందరూ వచ్చాక, ఎవరి పుస్తకంలోంచి వాళ్లు ఓ పేరా చదివితే తేలిపోతుంది కదా అని అమాయకంగా సలహా ఇచ్చాను.

మాస్టారు మధ్యలో ఎక్కడో తెరిచారు. పాఠకుడు లేనిదే రచన సగమే అన్న వాక్యాల్ని పద్యంలా సాగదీసి చదివి, "సూసేరా, ఎంత బాగా సెప్పేడో" అన్నారు.

మేడమ్ తన పుస్తకంలో రెండు వాక్యాలు చూశారు. అట్ట చూశారు. తర్వాత నన్ను చూశారు. నేను కిటికీ చూశాను. ఆవిడ నిజంగానే చదివారని అప్పుడర్థమైంది.

"అయితే మీ సేతిలో ఉన్నదే కాయం సేద్దాం మాస్టారూ" అన్నారావిడ. ఆయన తలూపగానే లేచి వెళ్లి రంగు అట్టని మెల్లగా లాగేశారు. లోపలి గట్టి అట్ట మీద ఆవిడ పుస్తకం పేరూ, దాని రచయిత పేరూ ఉన్నాయి.

మాస్టారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"పేరు సూసి మోసపోకూడదనే కదమ్మా ఇన్నాళ్లూ మొత్తుకుంటన్నాను. నా వాదనే గెలిసింది."

మేడమ్ నవ్వాపుకోలేక కూలబడ్డారు. వాళ్లిద్దరూ ఒక్క మాట మీదికి రావడం నేను చూడ్డం అదే మొదలు. అదే ఊపులో ఇంకో మాట మీదికీ వచ్చారు: ఆ పేపరు పాఠం నేనే చెప్పాలని.

ఆ ఆదివారం కళింగపట్నంలో పుట్టింటికి వెళ్లినా పుస్తకం వదల్లేదు. ఎండబెట్టిన చేపల దగ్గర కాకుల్ని తోలుతున్న అమ్మ, "ఏటే, నీకింకా పరీచ్చలు అవలేదేటి?" అంది.

అవలేదన్నాను.