షామీర్‌పేటలో వెనక్కి నడిచిన గడియారం

ఆ రోజుల్లో నేను మనుషులతో కంటే కంప్యూటర్లతోనే ఎక్కువ మాట్లాడేదాన్ని. అవి "ఏంటమ్మా, కాస్త గట్టిగా చెప్పు" అనవు కదా. (డైరీలో మాత్రం నా అంత వాగుడుకాయ లేదు.) సుచిత్ర చౌరస్తా దగ్గర మేడ మీద చిన్న ఆఫీసులో తొలి ఉద్యోగం. షామీర్‌పేట హ్యాచరీలో గుడ్లు పొదిగే యంత్రాన్ని నడిపే లినక్స్ కంప్యూటర్‌ను, అక్కడికి వెళ్లకుండానే చూసుకోవడం నా పని. దాని పద్ధతి నాకెంతో నచ్చేది. కంప్యూటర్ ఎలా ఉండాలో మొత్తం ఒకే ఫైల్‌లో రాసిపెడతాం; ఎవరైనా చేత్తో ఏదైనా మారిస్తే, కాసేపటికి అది మళ్లీ రాసినట్టుగానే తయారవుతుంది. నోరు విప్పకుండా పని జరిగిపోతుంది, నాకంతకంటే ఏం కావాలి?

ఒక మధ్యాహ్నం దాని గడియారం పది నిమిషాలు ముందుకు జరిగి కనిపించింది. కాసేపటికి సర్దుకుంది. మళ్లీ జరిగింది. "అక్కడ కీబోర్డు ముట్టుకునేవాళ్లే లేరు," అన్నారు మా సార్. సిస్టమ్ మొత్తం కొత్తగా తయారుచేసి, ఇక్కడినుంచే పంపి, రీస్టార్ట్ చేశాను. నా కళ్లముందే అంకెలు మళ్లీ జరిగాయి, ఖాళీ గదిలో ఎవరో వేలితో తోసినట్టు. ఒకవేళ ఎవరైనా ఉంటే కంగారుపడతారేమోనని (ఫోన్ చేయాలంటే సిగ్గు), అక్కడి తెర మీద కనిపించేలా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపాను: "భయపడకండి. నేను లోపలే ఉన్నాను. మీరేం చేసినా నాకు కనిపిస్తుంది."

వెంటనే ఆఫీసు ఫోన్ మోగింది. సార్ కాసేపు విని, రిసీవర్ నా చేతిలో పెట్టారు. హ్యాచరీ చూసుకునే చాచా. "సార్, గడియారం ఎనకకు నడుస్తాంది! పెట్టె దానంతటదే కండ్లు మూసి తెరిసింది, ఇగ మాట్లాడుతాంది గూడ! మొత్తం ప్లగ్గు పీకుతున్న." ఎల్లుండి పిల్లలు కావలసిన గుడ్లు లోపల వేలల్లో ఉన్నాయి. వేడి ఆగితే పెంకులోనే చచ్చిపోతాయి. నోరు తెరిచాను, గొంతు పెగల్లేదు. "అరె, గీ ఫోన్ల గూడ ఊపిరి చప్పుడే ఇనిపిస్తాంది!" "చాచా..." అన్నాను గుసగుసగా. అటువైపు ఎవరో కెవ్వుమన్నారు. "పీకు చాచా, జల్దీ పీకు!"

"ప్లగ్గు మీద చెయ్యేస్తే ఊరుకోను!" అని అరిచాను. ఆఫీసంతా నావైపు తిరిగింది.

"...ఆడపిల్లవా?" చాచా ఊపిరి పీల్చుకున్నాడు. తెర మీద ఆ రాత పంపింది నేనేనని చెప్పాను. "గట్లెందుకు రాసినవ్ బేటా, మస్తు పరేషాన్ జేసినవ్. పనోళ్లు టైముకు వస్తలేరని గడియారం పది నిమిషాలు ముందు పెడుతున్న. అది మల్ల ఎనకకు పోతాంది. మా ఇంట్ల గోడ గడియారమైతే చెప్పినట్టు ఇంటది." (మౌస్ పట్టడం అల్లుడు నేర్పాడట, సార్‌కు ఆ సంగతి తెలియదు.) యంత్రం నడిచే అసలు టైము కదపకుండా, తెర మీద కనిపించే గడియారం మాత్రం పది నిమిషాలు ముందుండేలా నేనే ఫైల్‌లో రాసి పంపాను. "ఎనకకు పోవుడు ఆగింది, ఆగింది!" అని ఫోన్‌లో గోల.

పిల్లలు బయటికొచ్చే రోజు సార్‌తో కలిసి నేనూ వెళ్లాను. మసక వెలుతురులో, ఇంకా పగలని గుడ్లలోంచి సన్నగా పిలుపులు వినిపిస్తుంటే చేతుల మీద రోమాలు లేచాయి. చాచా ఒక తడి కోడిపిల్లను నా అరచేతిలో పెట్టి, "ఏదన్న మాట్లాడు బేటా, నీ కేకకే బతికింది," అన్నాడు. ఒక్క మాట రాలేదు. ఇప్పుడు ఫోన్‌లో బాగానే మాట్లాడుతున్నాను. అయినా ఆ గదిలో, కోడిపిల్లకంటే ఎక్కువగా వణుకుతూ నిలబడిన ఆ అమ్మాయి గుర్తొస్తే నవ్వొస్తుంది. పక్కకెళ్లి నిలబడి, ఏమనాలో చెవిలో చెప్పాలనిపిస్తుంది. ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదనుకోండి.