మగ్గాలు ఆపి విన్న పాట

పదకొండు శబ్దాలతో మొదలైన ట్రాకును నాలుగుకు తేవడానికి నాకు మూడు వారాలు పట్టింది. మినిమల్ టెక్నో అనే ఈ కంప్యూటరు సంగీతంలో పనంతా తీసేయడమే. ఒకే దెబ్బ, అంటే బీటు, ఏడెనిమిది నిమిషాలు నడుస్తుంది. దాని చుట్టూ ఎంత తక్కువ పెట్టి వినేవాళ్లను కదలకుండా ఉంచగలమన్నదే పందెం. నాకేమో కూర్చోవడమే రాదు. ఒక శబ్దం తీసేదాన్ని, వాకిట్లోకి వెళ్లి వచ్చేదాన్ని, మళ్లీ పెట్టేదాన్ని. కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటని అమ్మ కసిరేది. చివరికి అడుగున మోగే దెబ్బ, లోతైన ఒక స్వరం, అప్పుడప్పుడు గలగలమని పోయే సన్నవి రెండు మిగిలాయి.

మాది నగరిలో మరమగ్గాల ఇల్లు. నా గదికీ నాలుగు మగ్గాలు ఆడే షెడ్డుకూ మధ్య ఒకటే గోడ. పొద్దున ఆరింటికి మొదలైతే కరెంటు పోయినప్పుడే నెమ్మది. కొత్తవాళ్లు ఆ మోతకు తల పట్టుకుంటారు, మాకది మోత అని కూడా తోచదు. నాయన వీధి చివర టీ తాగుతూనే మూడో మగ్గం నడకలో తేడా వచ్చిందని లేచి వచ్చేవాడు. ఆయన చెవులంటే నాకు గర్వం, కొంచెం అసూయ కూడా.

తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు నాకు సీనియర్ అయిన అన్న ఒకాయన ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం చేస్తూ, నెలకోసారి చిన్న హాలు తీసుకుని ఇలాంటి సంగీతం వినిపిస్తుంటాడు. నా ట్రాకు ముందు హాల్లో వేసి చూస్తాననీ, నిలబడితే వచ్చే నెల అరగంట నాకిస్తాననీ అన్నాడు. నలుగురి ముందు నేను వాయించే మొదటి అరగంట. దానికోసం ఎంత కొట్టుకులాడానో చెప్పాలంటే సిగ్గుగా ఉంటుంది.

బయల్దేరే ముందురోజు హెడ్‌ఫోన్ నాయనకిచ్చాను. ఆయన ఒక చెవికే పెట్టుకున్నాడు. మగ్గాలు ఆడుతుంటే రెండు చెవులూ మూయడం మావాళ్లెవరూ చెయ్యరు. ఏ మగ్గం తేడా చేసినా వెంటనే తెలియాలి కదా.

“బాగుండాది మ్మా. ఏమీ తక్కువ లేదు,” అన్నాడు.

చెన్నైలో హాలు తలుపులు మూసి ట్రాకు వేశారు. రెండు నిమిషాలకే తేడా తెలిసింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ. నేను కావాలని వదిలిన ఖాళీ కాదు, ఏమీ లేకుండా పోయిన ఖాళీ. అన్న నా వైపు తిరిగి, “ఇంగా పని మిగిలుండాదా పాపా? దెబ్బ పైన ఏమీ లేదే,” అన్నాడు. శనివారంలోగా సరిచేసి పంపమన్నాడు.

తిరుగు బస్సు తిరుత్తణి దాటాక గాని నాకు తట్టలేదు. నేను ఆ ట్రాకును మూడు వారాలూ మగ్గాలతో కలిపి విన్నాను. గోడ అవతల మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె కొట్టే చప్పుడు హెడ్‌ఫోన్‌ను దాటుకుని వస్తూనే ఉంది. నేను ఒక్కో శబ్దం తీసేసినప్పుడల్లా అదే ఆ చోటు నింపింది. నా గొప్ప అనుకున్న పొదుపంతా మా మగ్గాలది. ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

ఇంటికి వచ్చి, ఆ ఖాళీ నింపడానికి ఇసుక రాలినట్టుండే సన్నని చప్పుడొకటి చేశాను. తర్వాత నాయనను మగ్గాలు ఆపమని అడిగాను. పట్టపగలు అది చిన్న మాట కాదు. మా వీధిలో ఎవరైనా పోతేనే ఆపుతారు.

“ఎంతసేపు?” అన్నాడు.

“పది నిమిషాలు నాయనా.”

వెంటనే వెళ్లి నాలుగూ ఆపాడు. పక్కింటామె గోడ మీదుగా తొంగి చూసి, “ఏమైంది, ఎవురికన్నా బాగలేదా?” అని కంగారుగా అడిగింది. అమ్మ ఏదో చెప్పి పంపింది.

స్పీకరులో దెబ్బ వేశాను. నాయన తల ఊపాడు. లోతైన స్వరానికీ ఊపాడు. తర్వాత ఆ ఇసుక చప్పుడొక్కటే పెట్టాను.

“ఊఁ, పెట్టు మ్మా,” అన్నాడు.

అది అప్పటికే మోగుతోంది. పెంచాను. ఆయన ఓపిగ్గా స్పీకరునే చూస్తున్నాడు. గుమ్మంలో నిలబడిన అమ్మ నాకు మాత్రమే వినపడేలా, “నేను ఎనక నుంచి పిలిసినా అంతే. రెండేండ్లయింది,” అంది.

ముప్పయ్యేళ్లు మగ్గాల మధ్య నిలబడిన చెవులవి. బరువైన దెబ్బ వాటికి అందుతుంది, సన్ననిదేదీ అందదు. ఏమీ తక్కువ లేదన్న రోజు ఆయన విన్నది నా నాలుగు శబ్దాల్లో రెండే. “ఇప్పుడు పెడతా నాయనా,” అని పాటలో లేని బరువైన చప్పుడొకటి వేశాను. “ఆఁ, వచ్చింది,” అని తృప్తిగా లేచి మగ్గాలు వేయడానికి వెళ్లాడు.

శనివారం ఐదు శబ్దాలతో ట్రాకు పంపాను. ఇసుక చప్పుడు ఎంత ఉండాలో తేల్చుకోలేక, పెంచుతూ పెంచుతూ చివరికి ఒకచోట ఆగాను. ఆ సాయంత్రమే అన్న ఫోన్ చేసి, వచ్చే నెల అరగంట నాదేనన్నాడు. నేను గెంతేలోపే, “ఆ సన్నది మాత్రం బాగా తగ్గించు పాపా. చెవుల్లో గుచ్చుకుంటా ఉండాది,” అన్నాడు.

నాకది ఇంకా చాలలేదనే అనిపిస్తోంది.

సోమవారం తిరుపతిలో చెవుల డాక్టరుకు ఫోన్ చేసి రెండు పేర్లు రాయించాను. ఎవరికని నాయన అడిగాడు. నాకే, తోడు రమ్మన్నాను.