బుజ్జి విడిచిన పెంకు

2022 సెప్టెంబరు. నేను ఐర్లండ్‌లో చేపలకూ ఇతర నీటి జీవులకూ వచ్చే రోగాలను పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఒక శుక్రవారం మధ్యాహ్నం బోయిన్ నది ఒడ్డునున్న నేవన్ ఊరి నుంచి పద్మజ ఫోన్ చేసింది. కరీంనగర్ మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తెలుగు సంఘం సమావేశాల్లో పరిచయం.

"అక్కా, కొత్త ఇంటి లీజుల పెంపుడు జీవాలు వద్దని రాసిండ్రు. మా బుజ్జిని, దాని పిల్లలను రేపు పొద్దున బోయిన్ నదిల విడుస్తున్న, పుణ్యముంటది. ఏ వంపు కాడ నీళ్లు మంచిగుంటయో నీకెరుక గదా, జెర చెప్పు."

బుజ్జి అంటే మార్బుల్డ్ క్రేఫిష్. రొయ్యకూ ఎండ్రకాయకూ నడుమ ఉన్నట్టుండే మంచినీటి జీవి. ఇక్కడి నదులది కాదు, అక్వేరియం వ్యాపారం తెచ్చినది. దాన్ని పెంచడం ఈ దేశంలో చట్టవిరుద్ధం. ఆ సంగతి పద్మజకు తెలియదు. పక్కింటివాళ్లు ఖాళీ చేస్తూ తొట్టితో సహా ఇచ్చిపోయారు. కోటు విప్పి కారెక్కాను.

తొట్టినిండా పిల్లలు. "మగది లేకుండనే పెట్టింది అక్కా. దేవుని మహిమ!"

"మహిమ కాదు. ఈ జాతిలో అన్నీ ఆడవే. తమలాంటివాటినే కంటాయి. నది నిండడానికి ఒక్కటి చాలు."

"ఇట్స్ ఎ క్లోన్, మామ్. ఐ టోల్డ్ యూ," అంది పదేళ్ల కూతురు, సోఫాలోంచి తలెత్తకుండానే.

నేను ఉపన్యాసం అందుకున్నాను. దీని ఒంట్లో క్రేఫిష్ ప్లేగు ఉండొచ్చు. అదొక నీటి బూజు. దీన్ని ఏమీ చెయ్యదు. ఇక్కడి తెల్లడెక్కల క్రేఫిష్‌కు సోకితే మాత్రం ఆ నదిలో ఒక్కటీ మిగలకపోవచ్చు. నీ పుణ్యం ఒక జాతిని తుడిచిపెడుతుంది, అన్నాను.

"ఇంత హుషారుగుంది, రోగమంటవేంది?"

"నా మాట నమ్ము. పాతికేళ్లుగా నాకిదే పని."

ఆమె నవ్వింది. "మన సంఘం మీటింగులకొచ్చే బాబాలను ఏమడుగుతవు అక్కా? నమ్మమనకు, రుజువు చూపెట్టు అంటవు. నీకో రూలు, బాబాకో రూలా?"

చట్టం చూపించి బెదిరించవచ్చు. కానీ నేను గడప దాటగానే బకెట్టు నదికి బయలుదేరేది. "వారం గడువివ్వు," అన్నాను.

"ఇస్త. చూపెట్టకపోతే వచ్చే శనివారం నదికే."

దేవుడి పటాలున్న అల్మారాలో, కుంకుమ భరిణె పక్కన, బుజ్జి విడిచిన పెంకు కనిపించింది. క్రేఫిష్ ఎదిగేటప్పుడు పాత పెంకును చొక్కాలా విడుస్తుంది. అదృష్టమని దాచిందట. దాన్ని అడిగి తీసుకున్నాను. బుజ్జి ఒంటిని దూదిపుల్లతో తుడిచి స్వాబ్ కూడా తీసుకున్నాను.

గురువారం పద్మజ ల్యాబ్‌కు వచ్చి మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. పొట్ట కింది పలచని పెంకులో గోధుమరంగు పోగులు.

"ఈ దారాలేంది?"

"బూజు లోపలికి దిగబోతే బుజ్జి ఒళ్లు దాని చుట్టూ కట్టిన గోడ. ఇక్కడి వాటికి ఆ గోడ వేళకు కట్టడం రాదు."

"దెబ్బ తగిలిన మచ్చలు గూడ ఇట్లనే ఉంటయేమో?"

నా దగ్గర చేరిన ట్రైనీలు కూడా అంత త్వరగా అడగని ప్రశ్న. అందుకే పీసీఆర్ చేశాం. నమూనాలో ఆ బూజు జన్యుపదార్థం ఉందో లేదో తేల్చే పరీక్ష అది. కాగితం ఆమె ముందు పెట్టాను. ఉంది.

పద్మజ కాగితాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత, "నొప్పి లేకుండ చంపుతరా?" అంది.

"మత్తులోకి పోయాకే."

శనివారం మూత బిగించిన తొట్టిని తనే తెచ్చి అప్పగించింది. అధికారులకు తెలియజేసే కాగితం మీద తనే సంతకం పెట్టింది. ఇంట్లో మిగిలిన బకెట్లన్నీ నేను చెప్పినట్టే బ్లీచ్‌తో కడిగి ఎండబెట్టింది.

నిజం నా వైపు ఉంది కాబట్టి రుజువు అక్కర్లేదనుకున్నాను. బాబాలు అనుకునేదీ అదే. ఆ కేసు నాకు నేర్పింది ఇది.

మరుసటి జూన్‌లో, బోయిన్‌లో కలిసే ఒక వాగులో అనుమతితో సర్వే చేశాం; సాయానికి పద్మజ కూడా వచ్చింది. నేను ఎత్తిన రాయి కింద తెల్లడెక్కల తల్లి ఒకటి, తోక కింద వేలాడుతూ పిల్లలు. ఒడ్డు మీది నుంచి పద్మజ కేక పెట్టింది: "అగో, దీనికి గూడ పిల్లలే!"

ఆ బూజు తడి బూట్లతోనూ ఒక నది నుంచి మరో నదికి పోతుంది; బాగా ఎండితే చస్తుంది. ఆ ఉదయం కారు దిగగానే, నేను అడగకముందే, ఆమె బూట్లు తిరగేసి నా ముందుకు చాపింది.

"నమ్మమంటలేనక్కా. ముట్టుకొని చూడు."

ముట్టుకుని చూశాను. పొడిగా ఉన్నాయి.