కింద నుంచి వచ్చిన సముద్రం

ఈ ఉదయం అరబ్బు దేశంలో మేముండే అల్ ముంతజా పేటలో చాయ్ దుకాణంవాడు చక్కెర అనుకుని ఉప్పు కలిపాడు. అందరూ చాయ్ ఉమ్మేసి వాణ్ణి ఆటపట్టించారు. ఆ ఉప్పు నాలుకకు తగలగానే నాకు మాత్రం లోటో గుర్తొచ్చాడు.

లోటో మా పడవల యార్డులో ఫోర్‌మన్. పసిఫిక్ మహాసముద్రం నడిమధ్య ఉన్న పగడాల దీవి అతనిది. జగిత్యాల నుంచి వచ్చిన నాకు నీళ్లంటే బావి, చెరువే. సముద్రమంటే హడల్. నన్ను పడవెక్కించి మనిషిని చేసింది అతనే. "భయపడు, తప్పులేదు. కళ్లు మాత్రం మూసుకోకు. నీళ్ల రంగు చూడు" అనేవాడు, పనివాళ్ల క్యాంపులో నేర్చుకున్న హిందీలో. లేత రంగున్న చోట ఇసుక, ముదురు రంగున్న చోట లోతు. ఆ చూపు అతను పెట్టిన భిక్షే.

ఒక శుక్రవారం సెలవు రోజున దుఖాన్ అనే ఊరి సముద్రపు ఒడ్డున ఇసుకలో వేలితో గాజులా గుండ్రంగా గీశాడు. "ఇదే మా ఊరు. లోపల నీళ్లు, బయట నీళ్లు." ఆ గీత మందమే నేల. వాకిట్లో నిలబడితే పచ్చటి నీళ్లు కదలకుండా ఉంటాయట, పెరట్లోకి వెళితే అలల హోరు. ఆ నేల కూడా పగడపు పురుగులు తరతరాలుగా కట్టిన గూళ్లు అరిగి ఇసుకైనదేనట. నేను నోరు తెరుచుకుని విన్నాను.

అక్కడ దుంపలను గుంతల్లో పండిస్తారు. అడుగున ఉప్పునీళ్ల మీద వాననీరు పొరలా తేలుతుంది, అది తగిలేదాకా తవ్వుతారు. లోటో తల్లి తవ్విన గుంత పక్కనే ఆమె సమాధి. పోయినవాళ్లను ఇంటి దగ్గరే ఉంచుకోవడం వాళ్ల ఆచారం. ఒకరోజు యార్డులో ఉండగా వాళ్ల చెల్లెలు వీడియో కాల్‌లో ఆ గుంత చూపించింది. ఆకులన్నీ పసుపుపచ్చగా వాలిపోయాయి. ఆమె గుంతలో నీళ్లు నోట్లో పోసుకుని, ఉప్పగా ఉన్నాయని ఉమ్మేసింది.

"గట్టు కట్టుకోరాదా భాయ్? మా చెరువుకు కట్ట పోసినట్టు" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

లోటో నవ్వలేదు. "గట్టు ఎదురుగా వచ్చే నీళ్లను ఆపుతుంది. మాకు కింద నుంచి వస్తున్నాయి. నేలంతా చిల్లులే."

సముద్రం ఎదురుగానే వస్తుందని అంతవరకు అనుకున్నాను. చెల్లెలు ఫోన్ పక్కకు తిప్పింది. పెరడు కోసుకుపోయి, సమాధి అంచు దాకా నీళ్లు వచ్చేశాయి. ఆమె ఏదో అడిగింది. లోటో ఫోన్ పెట్టేశాడు.

"అమ్మను అక్కణ్ణుంచి తీయాలట" అన్నాడు నాతో. "కొడుకు తప్ప వేరేవాళ్లు తవ్వకూడదు. నేనే వెళ్లాలి."

ఉద్యోగం మానేశాడు. ఎయిర్‌పోర్టులో ఉండబట్టలేక అడిగాను. "మళ్లీ ఎక్కడ పెడతావు భాయ్? ఎత్తయిన చోటేదైనా ఉందా?"

"మా ఊళ్లో ఎత్తయినది కొబ్బరిచెట్టు ఒక్కటే" అన్నాడు. అతను నా భుజం తట్టి లోపలికి వెళ్లిపోయాడు. తర్వాత అప్పుడప్పుడు ఫోన్ చేశాడు గానీ తల్లిని ఎక్కడ పెట్టాడో చెప్పలేదు. అడిగే ధైర్యం నాకూ లేదు.

మా నాన్నను మా పొలంలోనే పెట్టాం. లోటో వెళ్లినప్పటి నుంచి మా తమ్ముడికి ఎప్పుడు ఫోన్ చేసినా ముందు ఆ మాటే అడుగుతున్నాను.

"నాయిన దగ్గర నేల మంచిగున్నదా?"

"దుబాయ్ పోయి నీకేమో అయింది అన్నా" అని నవ్వుతాడు వాడు. ఏ అరబ్బు దేశమైనా వాడికి దుబాయే. "భూమి యాడికి పోతది?"