కోడలు మాటే ఇచ్చాను

పుష్కరం దాటింది. ఇన్నేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. ఖరగ్‌పూర్‌లో బరువులు మోసేవాళ్ళకి కొదవ లేదు. వాళ్ళకైతే రైలు రాగానే దించుకునే వీలుంటుంది. నాది మూడు ముక్కల అబద్ధం. తూకం వేస్తే ముల్లు కదలదు. అయినా దాన్ని ఏ స్టేషన్‌లోనూ దించలేకపోయాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఈ ఏర్పాటు ఇద్దరికీ సుఖం.

బుజ్జి వాళ్ళది ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా వెనక వరస క్వార్టరు. వాళ్ళ నాన్న, మా నాన్న వర్క్‌షాపులో ఒకే చోట ఫిట్టర్లు. రెండు కుటుంబాలూ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవే. ఇంట్లో బుజ్జి మగపిల్లాడని లెక్క. ఆ లెక్క తప్పని బుజ్జికి తెలుసు, తర్వాత నాకు తెలిసింది. ఇంకెవరికీ తెలియదు. ఈ రాతలో బుజ్జి గురించి ‘అన్నారు, వచ్చారు’ అని రాస్తున్నాను. బుజ్జి ఇప్పుడు కెనడాలో సినిమాల్లో, టీవీలో నటిస్తారు. తనని ఆయన అనీ ఆవిడ అనీ అనొద్దని అక్కడివాళ్ళకి చెప్పి ఒప్పించుకున్నారట. ఇక్కణ్ణుంచి నేనూ ఒప్పుకుంటున్నాను. నా మర్యాద కొంచెం లేటుగా నడుస్తోంది. రైల్వే ఊరివాణ్ణి, క్షమించాలి.

ఎనభైల్లో మా కాలనీ ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఉగాదికి నాటకం వేసేవాళ్ళం. నటులంతా డ్యూటీలు చేసేవాళ్ళే. షిఫ్టు దిగి, ఒంటికి పట్టిన నల్లనూనె కడుక్కుని రిహార్సల్‌కి వచ్చేసరికి సగం ప్రాణం షాపులోనే మిగిలిపోయేది. మాటలు బట్టీ పట్టే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. అందుకని నాటకం మొత్తం ప్రాంప్టర్ మీద నడిచేది. స్టేజి ఎడమపక్క తెర చాటున స్టూలు వేసుకుని కూర్చుని, పుస్తకం చూస్తూ, ప్రతి మాటా ఒక అర క్షణం ముందు అందించాలి. దాన్ని మేం ‘మాట ఇవ్వడం’ అనేవాళ్ళం. నటుడు చెవి ఇటు పడేసి, నోరు అటు తెరిచి ఉంచుతాడు. వినపడ్డ మాటకి అర్థం ఏమిటని ఆగాడా, చచ్చాడే. వినాలి, అనెయ్యాలి.

ఆ ప్రాంప్టర్ని నేను. పక్కనే ఉన్న ఇందా పేటలో కాలేజీకి వెళ్ళి బి.ఏ. చదువుతున్నవాణ్ణి, కాలనీలో జోకులకి పేరున్నవాణ్ణి. నా ముఖంలో భావాలు సిగ్నల్ స్తంభంలో పలికినన్ని పలుకుతాయని డైరెక్టరు కనిపెట్టి నన్ను తెర వెనక్కి పంపేశాడు. అక్కడ మాత్రం నేను ఘనుణ్ణి. నా గొంతు నటుడికి అందుతుంది, మొదటి వరసకి అందదు. ఈ ప్రపంచంలో నాకున్న ప్రతిభ అదొక్కటే.

బుజ్జి ఆడవేషాలు వేసేవారు. ఒక రిహార్సల్ అయ్యాక, కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటూ అద్దంలోంచి నాతో అన్నారు: “మీసం ఎట్టినా ఏసవేరా, జడ ఎట్టినా ఏసవే. రెండూ తీసీసినాక మిగిలీది నాను. ఆడదాన్నీ కాదు, మగోణ్ణీ కాదు.”

“మరి ఆ మిగిలినదానికి రేషన్ కార్డులో ఏ గడి?” అన్నాను.

బుజ్జి నాకంటే ఎక్కువ నవ్వారు. నవ్వి, ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను ఒట్టు వేశాను. చెప్పలేదు కూడా. నేను చేసింది చెప్పడం కిందకి రాదు. ఇంకో మనిషి నోటితో చెప్పించాను.

ఆ ఏడాది నాటకం ఒక అత్తింటి కథ. బుజ్జి కోడలు. నాటకం మొదలయ్యే ముందు, బుజ్జి మేకప్ చూసి మురిసిపోయి, డైరెక్టరు నా భుజం తట్టి అన్నాడు: “బుజ్జి ఉంటే మనకి ప్రాంప్టరెందుకురా? నువ్వెళ్ళి టికెట్లు సింపుకో.” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జోకులు వేసేవాడు జోకుని తట్టుకోలేడని మీకెవరైనా చెప్పారా? నాకెవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం తెర చాటున కూర్చుని ఒకటి గమనించాను. డైరెక్టరు మాట అబద్ధం. బుజ్జి ప్రతి మాటా నానుంచే తీసుకుంటున్నారు. తల రవ్వంత ఎడమకి వాలుతుంది, నా గుసగుస వెళుతుంది, మరుక్షణం అదే మాట, అదే ఊపిరితో, లైట్ల కింద ఇంకో గొంతులో పలుకుతుంది. నేను ఆగితే ఆగుతుంది. నేను తడబడితే తడబడుతుంది. ఒకసారి కావాలని మాటని సాగదీశాను. అక్కడా సాగింది. ఎదురుగా నిలబడ్డ ఆ నోరు నాదే అనిపించింది. నాదని ఇంకెవరికీ తెలియదే అనీ అనిపించింది.

చివరి రంగం. మామగారి వేషం వేసిన గార్డుగారు చెయ్యెత్తి అడిగారు. “ఈ గుమ్మం తొక్కడానికి ఎవరు నువ్వు?”

పుస్తకంలో జవాబు: ‘నేను ఈ ఇంటి కోడల్ని మామయ్యా.’

బుజ్జి తల వాలింది.

“నేను ఆడదాన్ని కాదు,” అని ఇచ్చాను. “మగవాణ్ణీ కాదు.”

తడబడి నావైపు చూస్తారనుకున్నాను. తర్వాత ఇద్దరం నవ్వుకుంటామనుకున్నాను. ఇంతకంటే తెలివైన కారణం మీకు చెప్పాలని చాలాసార్లు వెతికాను. దొరకలేదు.

“నేను ఆడదాన్ని కాదు,” అన్నారు బుజ్జి. గొంతు హాలు వెనక గోడ దాకా వెళ్ళింది. “మగవాణ్ణీ కాదు.” ఆ తర్వాత, నా పెదాలు మూసుకుని ఉండగానే, ఇంకో మాట వచ్చింది. “అయినా ఉన్నాను.”

అది నేనివ్వలేదు. పుస్తకంలో వేలు పెట్టుకుని ఉన్నాను. అది పుస్తకంలోనూ లేదు. నా వెనక చీకట్లో ఇంకెవరైనా కూర్చున్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. మడత కుర్చీలు తప్ప ఎవరూ లేరు. మొదటి వరసలో బుజ్జి వాళ్ళ నాన్న కూర్చున్న తీరు చూస్తే, ఆయన్ని ఎవరో అక్కడ మరిచిపోయి వెళ్ళినట్టుంది. ఎవరో తెర దించేశారు.

గ్రీన్‌రూమ్‌లో బుజ్జి జడ తియ్యకుండా బల్ల మీద కూర్చుని ఉన్నారు. నేను వెళ్ళగానే తలెత్తారు.

“మామ ‘ఎవరు నువ్వు’ అన్నప్పుడు నువ్వేటిచ్చినావురా?”

ఇక్కడ ఆగాలి. రోజూ ఇక్కడే ఆగుతాను. నిజం నా నోట్లోనే ఉంది. తన్నులు తింటానని భయపడ్డానా? మా నాన్నకి తెలుస్తుందనా? కాలనీలో తెలివైన కుర్రాడన్న పేరు పోతుందనా? అంత పెద్ద భయాలు కూడా లేవేమో. అడిగిన వెంటనే తేలికైన మాట ఒకటి అందింది. అనేశాను.

“కోడలు మాటే ఇచ్చినాను.”

“నిజిం?”

“పొస్తకంలో ఉన్నదే ఇచ్చినాను. నువ్వే ఎటో ఎల్లిపోనావు.”

బుజ్జి చాలాసేపు నా ముఖం చూశారు. నా ముఖంలో ఏదీ పలకదని ముందే చెప్పాను.

“అయితే నా నోరే అనీసినాదన్నమాట. సెవిలో ఇనపడినాదిరా. నీ గొంతునాగే ఉన్నాది గానీ నీది కాదు. లోపల్నించి వొచ్చినాది.” ఆ ముఖంలో భయం ఉంది. భయం వెనక సంతోషం లాంటిది కూడా ఉంది. నన్ను ఇప్పటికీ నిద్రలోంచి లేపేది ఆ సంతోషమే.

పొద్దున్నకల్లా కుళాయి దగ్గర తీర్పు అయిపోయింది. బుజ్జికి ఏదో పట్టింది. నిజానికి అది దయగల తీర్పు. పట్టిందంటే బిడ్డ తప్పు లేదు, కన్నవాళ్ళ తప్పు లేదు. బుజ్జి వాళ్ళమ్మ ఆ మాటని రెండు చేతులా పట్టుకుంది. ఆమెని నేను అత్తా అని పిలుస్తాను. ఆదివారం, షాపుకి సెలవు, మిట్టమధ్యాహ్నం, మంత్రం వేసే పెద్దాయన్ని పిలిపించారు. పెరట్లో బుజ్జిని పీట మీద కూర్చోబెట్టారు. హారతి పళ్ళెం పట్టుకోవడానికి స్నేహితుడెవరైనా ఉండాలన్నారు. స్నేహితుణ్ణి నేనే.

పెద్దాయన ఒక చేత్తో వేపమండలు పట్టుకుని, పసుపుకొమ్ము నిప్పుల్లో కాల్చి, ఆ పొగ బుజ్జి ముక్కు దగ్గర పెట్టాడు. “ఎవరివే నువ్వు? సెప్పు. నువ్వెవరివో సెప్పి మరీ పో.”

బుజ్జి దగ్గుతున్నారు. కళ్ళు మూసుకునే ఉన్నాయి. అప్పుడు బుజ్జి తల నెమ్మదిగా ఎడమకి వాలింది. నేను నిలబడ్డది ఆ వైపే.

పొగలో, వేపమండల మధ్య, ఆ తల మాట కోసం చూస్తోంది. ఇంతకంటే తేలికైన సీను ఏ ప్రాంప్టరుకీ దొరకదు. ‘మాట ఇచ్చింది నేనే’ అంటే చాలు. పెద్దాయన మండలు పక్కన పడేసి నా చెవి మెలిపెట్టేవాడు, అంతటితో అయిపోయేది. నేను పళ్ళెం తిన్నగా పట్టుకున్నాను. కర్పూరం ఆరిపోతే ఇంకోటి వేశాను. మాట రాకపోయేసరికి పెద్దాయన పొగ పెంచాడు. అది ఎంతసేపు సాగిందో చెప్పను. లేచేసరికి బుజ్జి గొంతు పోయింది. తర్వాత తిరిగొచ్చింది గానీ, పాత గొంతు రాలేదు. బొంగురుగా, గరుకుగా, లోపలెక్కడో ఇసుక జారుతున్నట్టు ఉండేది.

కలకత్తాలో నర్సుగా ఉన్న బుజ్జి వాళ్ళ పిన్ని వచ్చి, ఆ ఒంటి మీద మండల దెబ్బలు చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా బుజ్జిని తీసుకుపోయింది. కొన్నాళ్ళకి ఆమెకి కెనడాలో ఉద్యోగం వస్తే బుజ్జీ వెళ్ళారు. తర్వాతి కథ నాకు చెదురుమదురుగా తెలుసు. గిన్నెలు కడిగారు, నటన నేర్చుకున్నారు. టీవీలో మొదటి వేషం శవం. శవానికి ఆడా మగా పట్టింపు లేదని ఇచ్చారట. తర్వాత నర్సు, దొంగ, సాక్షి. తర్వాత ఒక ధారావాహికలో పెద్ద పాత్ర. ఆ గొంతుని అక్కడి పత్రికలు మెచ్చుకున్నాయట. అలాంటి గొంతు పుట్టుకతో రావాలని ఒకాయన రాశాడట. ఆయన పెరట్లో లేడు.

మొన్న వేసవిలో పిన్ని ఒక వీడియో క్యాసెట్ పంపింది. బుజ్జితో టీవీవాళ్ళు మాట్లాడిన కార్యక్రమం. అత్తకి ఇంగ్లీషు రాదు. బుజ్జి వాళ్ళ నాన్న పోయారు. కాలనీలో చదువుకున్నవాడని నన్నే పిలిచింది, పక్కన కూర్చుని తెలుగులో చెప్పమని. చూశారా, మళ్ళీ అదే ఉద్యోగం.

తెర మీద బుజ్జి పొట్టి జుట్టుతో, చెవికి ఒక పోగుతో ఉన్నారు. అత్త టీవీకి దగ్గరగా జరిగింది. కాసేపటికి ఉగాది నాటకం కథ వచ్చింది. “ఆ మాట నాకెవరూ ఇవ్వలేదు,” అన్నారు బుజ్జి ఇంగ్లీషులో. “తెర వెనక ఉన్న స్నేహితుణ్ణి అడిగాను. తను నాతో అబద్ధమాడడు. అంటే నాలోపలే ఎవరో ఉన్నారు. నాకంటే ధైర్యవంతులు. ఈ దేశంలో తలుపులన్నీ మూసుకున్న రోజుల్లో కూడా, ఆ మనిషి ఒకసారి మాట్లాడారు కదా, మళ్ళీ మాట్లాడతారని బతికాను.” అంటూ ఆ మూడు మాటలూ తెలుగులో చెప్పారు, కెమెరా వైపు చూస్తూ. తల వాల్చలేదు.

“ఏటంట నాయినా?” అంది అత్త.

“అక్కడ సలెక్కువట అత్తా.”

“అంతసేపూ సెప్పినది సలి గురించేనేటి?” మూడు మాటలూ ఆమె చెవులారా వింది. మళ్ళీ తెరవైపు తిరిగి, కూర్చున్నచోటే కొంచెం ముడుచుకుని, నన్ను అడిగింది. “అది వొదిలిందా నాయినా? ఇన్ని మంగళారాలు ఒంటిపూట ఉన్నాను. సూసి సెప్పు, వొదిలిందా?”

తెర మీద బుజ్జి నవ్వుతున్నారు.

“వొదిలీసినాదత్తా,” అన్నాను.

తల్లికి నిజం చెబితే ఆ ఉపవాసాలు ఆగుతాయి. బిడ్డకి నిజం చెబితే ఆ ధైర్యం ఏమవుతుంది? వాళ్ళు ఆనుకున్న గోడ నా అబద్ధమే. దాన్ని తియ్యడం నా హక్కా? లేక ఇది కూడా నా పిరికితనం వేసుకున్న కొత్త వేషమా? మూడో మాట నాది కాదని నాకు తెలుసు. అది నిజంగా బుజ్జిదే. అది చెప్పి సంతోషపెట్టాలన్నా, మొదటి రెండూ నేనిచ్చినవని ముందు చెప్పాలి. ఎటు నుంచి వెళ్ళినా దారిలో నేనే అడ్డంగా నిలబడి ఉన్నాను.

క్షమించమని అడగడం లేదు. ఎవర్ని అడగాలో కూడా తెలియదు. మిమ్మల్ని అడగడం మర్యాద కాదు, మీరు దారినపోయేవాళ్ళు. ఒకటి మాత్రం చేస్తాను. ఇంతవరకూ చుట్టూ తిప్పి రాశాను, ఇప్పుడు తిన్నగా రాస్తాను. ఆ మాట ఇచ్చింది నేను. బుజ్జి అడిగితే కాదన్నది నేను. పెరట్లో తెలిసీ పళ్ళెం పట్టుకున్నది నేను. మొన్న వాళ్ళమ్మతో వదిలిందన్నదీ నేనే.

రాసేశాను. ఊపిరి కొంచెం కిందిదాకా దిగుతోంది.